క్లాసులు, ఆబ్జెక్టులతో కోడ్ రాయడానికి ఏ మైక్రోకంట్రోలర్ కొనాలి: బోర్డు ఎంపిక నుంచి మొదటి ప్రాజెక్టు దాకా

పైథానో, సీ ప్లస్ ప్లస్సో నేర్చుకుని, అదే పద్ధతిలో క్లాసులు రాసి, ఆబ్జెక్టులు చేసి ఒక లైటో మోటారో నడపాలనుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ బోర్డు కొనమంటారు?" బోర్డంటే ఇక్కడ మైక్రోకంట్రోలర్ బోర్డు, అంటే ఒకే చిప్‌లో ఇమిడిపోయిన చిన్న కంప్యూటర్, దానికి వైర్లు పెట్టే పిన్నులు. దానికి జవాబు చెప్పాలంటే నాకు ముందు రెండు విషయాలు తెలియాలి. ఏ లాంగ్వేజ్‌లో రాస్తారు, మీ ప్రోగ్రాంకి ఎంత ర్యామ్ కావాలి. ఈ రెండూ తేలాయంటే బోర్డు సగం తేలిపోయినట్టే, కానీ చాలామంది ఎవరో వీడియోలో చూపించిన బోర్డు ముందు కొనేసి తర్వాత దాంట్లో పైథాన్ ఎక్కట్లేదని, మెమరీ చాలట్లేదని తల పట్టుకుంటారు.

చెప్పేది గాల్లో ఉండకుండా ఒక ప్రాజెక్టు పట్టుకుని వెళ్దాం: మేడ మీద వాటర్ ట్యాంకులో నీళ్ళు ఎంతున్నాయో చూసి, తగ్గితే కింద మోటారు ఆన్ చేసి, నిండగానే ఆపేసి, ఫోన్‌లో కూడా చూపించే చిన్న సిస్టం.

1. కొనే ముందు కాగితం మీద రాసుకోండి

పావుగంట చాలు. ఇవి రాయండి:

- ఏం కొలవాలి, ఏం నడపాలి, మొత్తం ఎన్ని పిన్నులు
- వైఫై కావాలా, బ్లూటూత్ కావాలా, ఏదీ అక్కర్లేదా
- పవర్ ఎక్కణ్ణుంచి: ఫోన్ అడాప్టరా, బ్యాటరీనా
- డిస్‌ప్లే ఉందా, ఉంటే ఎంత రిజల్యూషన్
- సెన్సర్లు 5 వోల్టులవా, 3.3 వోల్టులవా
- మీకు ఇప్పటికే బాగా వచ్చిన లాంగ్వేజ్ ఏది

మన ట్యాంకుకి: ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్ (2 పిన్నులు), ఒక రిలే (చిప్ నడిపే స్విచ్), ఒక బటన్, చిన్న ఓలెడ్ డిస్‌ప్లే, వైఫై కావాలి, పవర్ అడాప్టర్ నుంచి. అంటే ఆరేడు పిన్నులు. పిన్నులు ఎక్కువున్నాయని పెద్ద బోర్డు కొనాల్సిన పని లేదు.

2. లాంగ్వేజ్ తేల్చుకోండి

హాబీకి నిజంగా పనికొచ్చే దారులు రెండే అని నా అభిప్రాయం.

పైథాన్ దారి: మైక్రోపైథాన్, లేదా దాన్నుంచే పుట్టిన సర్క్యూట్‌పైథాన్. క్లాసులు, ఇన్‌హెరిటెన్స్, ఎక్సెప్షన్లు అన్నీ ఉంటాయి, కంపైల్ చేసే గొడవ లేదు, కేబుల్ పెట్టి ప్రాంప్ట్ దగ్గర ఒక లైను టైప్ చేస్తే అప్పటికప్పుడు ఎల్ఈడీ వెలుగుతుంది. కంప్యూటర్‌లో వాడే నంపై, పాండాస్ లాంటి లైబ్రరీలు మాత్రం ఇందులో నడవవు, ఆ ఆశ పెట్టుకోకండి. స్పీడ్ కూడా సీ ప్లస్ ప్లస్ కంటే బాగా తక్కువ, కానీ నీటి మట్టం చూడటానికి స్పీడ్ ఎందుకు?

సీ ప్లస్ ప్లస్ దారి: ఆర్డుయినో అనే బోర్డుల్లో రాసేది సీ ప్లస్ ప్లస్సే. "సీరియల్" అని వాడేది ఒక ఆబ్జెక్ట్, "సర్వో" అనేది ఒక క్లాస్. సెన్సర్ లైబ్రరీలు దాదాపు అన్నీ క్లాసులుగానే వస్తాయి. మెమరీ మీద పట్టు, టైమింగ్ మీద పట్టు కావాలంటే ఇదే.

సీ షార్ప్ వచ్చినవాళ్ళకి డాట్‌నెట్ నానోఫ్రేమ్‌వర్క్ ఉంది, వైఫై ఉన్న ఈఎస్పీ32 చిప్ మీద నడుస్తుంది. అయితే ఎక్కడైనా ఇరుక్కుంటే సాయం దొరకడం పై రెండింటికంటే కష్టం, అందుకే మొదటి ప్రాజెక్టుకి వద్దంటాను.

3. ర్యామ్ లెక్క వేయండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

ఆర్డుయినో యునో ఆర్3లో ఉండేది ఏటీమెగా328పీ చిప్. 16 మెగాహెర్ట్జ్, 32 కేబీ ఫ్లాష్ (ప్రోగ్రాం దాచుకునే చోటు), ర్యామ్ 2 కేబీ, అంటే 2048 బైట్లు. అంతే.

ఒక సెన్సర్ క్లాస్ రాశామనుకోండి. అందులో పిన్ నంబర్ (1 బైట్), చివరిసారి కొలిచిన టైమ్ (4 బైట్లు), రీడింగ్ (4 బైట్లు), వర్చువల్ ఫంక్షన్ ఉంటే దాని పాయింటర్ (2 బైట్లు). ఒక్కో ఆబ్జెక్ట్ 11 బైట్లు. అదే క్లాస్ ఈఎస్పీ32 మీద 16 బైట్లు అవుతుంది, ఎందుకంటే అక్కడ పాయింటర్ 4 బైట్లు, పైగా పిన్ నంబర్ పక్కన 3 బైట్లు ఖాళీగా వదిలేస్తుంది. పది ఆబ్జెక్టులు పెట్టుకున్నా యునోకి 110 బైట్లే, కాబట్టి క్లాసులు వాడితే మెమరీ అయిపోతుందన్న భయం అక్కర్లేదు.

మరి ఎక్కడ అయిపోతుంది? డిస్‌ప్లే దగ్గర. 128 బై 64 ఓలెడ్‌కి మామూలు లైబ్రరీ మొత్తం స్క్రీన్‌ని ర్యామ్‌లో పెట్టుకుంటుంది, ఒక్కో పిక్సెల్‌కి ఒక బిట్ చొప్పున అది 1024 బైట్లు, యునోలో సరిగ్గా సగం. దాని మీద టెక్స్ట్ మెసేజ్‌లు, సీరియల్ బఫర్లు, స్టాక్ కలిపితే ప్రోగ్రాం కంపైల్ అవుతుంది గానీ నడుస్తూ నడుస్తూ రీసెట్ అయిపోతుంది. ఇంకోటి, యునో లాంటి ఏవీఆర్ చిప్పుల్లో వర్చువల్ ఫంక్షన్ల టేబుళ్ళు కూడా ర్యామ్‌లోకే వస్తాయి, ఇన్‌హెరిటెన్స్ వరుసలు బాగా పొడుగ్గా పెడితే అదీ తగులుతుంది.

హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ తెరిస్తే పదుల కేబీలు కావాలి. మైక్రోపైథాన్ ఎక్కాలంటేనే కనీసం 256 కేబీ ఫ్లాష్, 16 కేబీ ర్యామ్ కావాలి, హాయిగా పని చేయాలంటే అంతకు చాలా రెట్లు. కాబట్టి యునో ఆర్3 మీద మైక్రోపైథాన్ ఎలా ఎక్కించాలి అనే ప్రశ్నకి జవాబు: ఎక్కదు.

గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క:

- డిస్‌ప్లే లేదు, నెట్ లేదు, నాలుగైదు సెన్సర్లు, సీ ప్లస్ ప్లస్: 2 కేబీ చాలు
- డిస్‌ప్లే ఉంది, నెట్ లేదు, సీ ప్లస్ ప్లస్: 8 నుంచి 32 కేబీ
- వైఫై గానీ పైథాన్ గానీ ఉంటే: 200 కేబీ పైన ఉన్న చిప్ తీసుకోండి, ఆలోచించొద్దు

4. బోర్డులు ఒక్కొక్కటి

రాస్ప్‌బెర్రీ పై పికో. 2021లో 4 డాలర్ల ధరకి వచ్చింది. ఆర్పీ2040 చిప్, రెండు కోర్లు, 133 మెగాహెర్ట్జ్, 264 కేబీ ర్యామ్, 2 ఎంబీ ఫ్లాష్. పైథాన్‌తో మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, ఎందుకంటే ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే మైక్రోపైథాన్) ఎక్కించడం చాలా సులువు: బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైల్ లాగి వదలడమే. వైఫై కావాలంటే పికో డబ్ల్యూ. 2024లో వచ్చిన పికో 2లో 520 కేబీ ర్యామ్, 4 ఎంబీ ఫ్లాష్ ఉన్నాయి, దానికీ డబ్ల్యూ రకం ఉంది. కొత్తగా కొనేవాళ్ళు పికో 2 డబ్ల్యూకే వెళ్ళండి.

ఈఎస్పీ32. అసలు రకంలో రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్, 520 కేబీ ర్యామ్, వైఫై, బ్లూటూత్ రెండూ. సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్ళకి, నెట్ ప్రాజెక్టులకి నా మొదటి ఎంపిక. వెక్టర్, మ్యాప్ లాంటి స్టాండర్డ్ లైబ్రరీ క్లాసులు ఇందులో మామూలుగానే పనిచేస్తాయి, యునోలో అవి రావు. ఎస్3 రకంలో యూఎస్‌బీ నేరుగా చిప్‌లోనే ఉంది, బ్రేక్‌పాయింట్ పెట్టి డీబగ్ చేయొచ్చు, ఆబ్జెక్టుల లోపల ఏముందో చూడాలనుకునేవాళ్ళకి అది చాలా పెద్ద సాయం. సీ3 చిన్నది, ఒకటే కోర్, 160 మెగాహెర్ట్జ్, చిన్న పనులకి చాలు.

ఆర్డుయినో యునో ఆర్3. 5 వోల్టులు, మొండి బోర్డు, ట్యుటోరియల్స్ కుప్పలు. సర్క్యూట్ నేర్చుకోవడానికి మంచిది, ప్రోగ్రామింగ్ బాగా వచ్చినవాళ్ళకి మాత్రం త్వరగా ఇరుకైపోతుంది. అదే ఆకారంలో 5 వోల్టులే కావాలంటే 2023లో వచ్చిన యునో ఆర్4 చూడండి, 32 కేబీ ర్యామ్, 256 కేబీ ఫ్లాష్.

బ్లూపిల్ అని పిలిచే ఎస్‌టీఎం32 బోర్డు. చిప్ మంచిదే, 72 మెగాహెర్ట్జ్, 20 కేబీ ర్యామ్. కానీ ప్రోగ్రాం ఎక్కించడానికి సాధారణంగా విడిగా ఎస్‌టీ-లింక్ అనే పరికరం కావాలి, మార్కెట్లో నకిలీ చిప్పులు ఎక్కువ. మొదటి బోర్డుగా వద్దు.

మైక్రోబిట్ వీ2. పిల్లలకి నేర్పాలంటే ఇదే, 128 కేబీ ర్యామ్, బటన్లు, మైక్, స్పీకర్ అన్నీ బోర్డు మీదే ఉంటాయి, మైక్రోపైథాన్ నడుస్తుంది.

మన ట్యాంకుకి? పైథాన్ అయితే పికో 2 డబ్ల్యూ, సీ ప్లస్ ప్లస్ అయితే ఈఎస్పీ32. ఇక ముందుకి పోదాం.

5. వోల్టేజీ, పిన్నులు చూసుకోండి

పికో, ఈఎస్పీ32 రెండూ 3.3 వోల్టుల బోర్డులు. హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ మామూలుగా 5 వోల్టులది, దాని ఎకో పిన్ నుంచి 5 వోల్టులు వస్తాయి. నేరుగా కలిపితే బోర్డు పిన్ పోయే ప్రమాదం ఉంది. ఎకో నుంచి 1 కిలోఓమ్, అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి 2 కిలోఓమ్ పెట్టి మధ్యలోంచి తీసుకుంటే 3.3 వోల్టులే వస్తాయి. రెండు రెసిస్టర్ల పని, బద్ధకించకండి.

ఈఎస్పీ32 అసలు రకం వాడేవాళ్ళు ఈ చీటీ గోడకి అంటించుకోండి:

- 6 నుంచి 11 దాకా పిన్నులు ముట్టుకోవద్దు, అవి లోపల ఫ్లాష్‌కి కలిపి ఉంటాయి
- 34, 35, 36, 39 ఇన్‌పుట్‌కి మాత్రమే
- 0, 2, 5, 12, 15 బూట్ అయ్యేటప్పుడు చిప్ చూసుకునే పిన్నులు, ముఖ్యంగా 12 మీద పైకి లాగే సర్క్యూట్ పెడితే బూటే అవ్వకపోవచ్చు
- నిశ్చింతగా వాడుకోగలిగినవి: 18, 19, 21, 22, 23, 25, 26, 27, 32, 33
- అనలాగ్ సెన్సర్‌ని 32 నుంచి 39 మధ్య పిన్నులకే పెట్టండి, మిగతా అనలాగ్ పిన్నులు వైఫై ఆన్ చేస్తే పనిచేయవు

6. కొనేటప్పుడు

హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు, లేదంటే ఆన్‌లైన్. ఎక్కడ కొన్నా ఇవి చూడండి:

- పిన్నులు సోల్డర్ చేసి ఉన్నాయా (మామూలు పికోకి ఉండవు, సోల్డరింగ్ రానివాళ్ళు హెడర్లు ఉన్నదే అడగండి)
- డేటా వెళ్ళే యూఎస్‌బీ కేబుల్ విడిగా ఒకటి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు చాలా ఉంటాయి
- ఈఎస్పీ32 బోర్డు వెడల్పు: కొన్ని బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే పలక) మొత్తం ఆక్రమించేసి పక్కన వైరు పెట్టడానికి రంధ్రం మిగల్చవు, అలాంటప్పుడు రెండు బ్రెడ్‌బోర్డులు పక్కపక్కన కలిపి వాడాలి
- వీలైతే రెండు బోర్డులు, ఒకటి చెడిపోయిందా కోడ్ తప్పా అని తేల్చుకోవడానికి ఇంతకంటే త్వరైన దారి లేదు

7. మొదటి రోజు, ఈ వరుసలోనే

అన్నీ ఒకేసారి కలిపేయకండి. ఒక్కో మెట్టు పనిచేశాకే తర్వాతది.

1. బోర్డు ఒక్కటే పెట్టి ఎల్ఈడీ బ్లింక్ చేయండి. పికో డబ్ల్యూలో ఎల్ఈడీ వైఫై చిప్‌కి కలిపి ఉంటుంది, 25వ పిన్ అని రాస్తే వెలగదు, ఎల్ఈడీ అని పేరుతోనే పిలవాలి.
2. సీరియల్‌లో ఒక మెసేజ్ ప్రింట్ చేయండి.
3. ఎల్ఈడీకి ఒక క్లాస్ రాసి, దాంతో రెండు ఆబ్జెక్టులు చేసి, రెండు ఎల్ఈడీలు వేర్వేరు వేగంతో బ్లింక్ చేయండి. ఇది వచ్చిందంటే మీకు సగం పని వచ్చేసినట్టే.
4. బటన్ కలపండి.
5. సెన్సర్ కలపండి. ఎకో టైమ్‌ని మైక్రోసెకన్లలో తీసుకుని 58తో భాగిస్తే సెంటీమీటర్లు.
6. వైఫై చివర్లో.
7. రిలే అన్నిటికన్నా చివర, మొదట మోటారు లేకుండా టక్ టక్ శబ్దం విని.

పైథాన్ వాళ్ళు థానీ ఎడిటర్ వాడండి, సీ ప్లస్ ప్లస్ వాళ్ళు ఆర్డుయినో ఐడీఈతో మొదలుపెట్టి ప్రాజెక్టు పెద్దదయ్యాక ప్లాట్‌ఫాం ఐఓకి మారొచ్చు.

8. క్లాసులు రాసేటప్పుడు

కంప్యూటర్‌లో క్లాసులు రాసే అలవాటుతో వచ్చినవాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటారు.

కన్‌స్ట్రక్టర్‌లో హార్డ్‌వేర్ ముట్టుకోవద్దు. సీ ప్లస్ ప్లస్‌లో గ్లోబల్‌గా పెట్టిన ఆబ్జెక్టుల కన్‌స్ట్రక్టర్లు సెటప్ (మొదట ఒక్కసారి నడిచే ఫంక్షన్) కంటే ముందే, అసలు బోర్డు తనని తాను సిద్ధం చేసుకోకముందే నడుస్తాయి. అక్కడ పిన్‌మోడ్ పెట్టినా, సెన్సర్‌తో మాట్లాడినా కొన్ని బోర్డుల మీద పనిచేస్తుంది, కొన్నిటి మీద పోతుంది. అందుకే మంచి లైబ్రరీలన్నిట్లో బిగిన్ అనే ఫంక్షన్ వేరుగా ఉంటుంది. మీరూ అలాగే రాయండి: కన్‌స్ట్రక్టర్ పిన్ నంబర్ గుర్తుపెట్టుకుంటుంది, బిగిన్ పిన్‌ని సిద్ధం చేస్తుంది, సెటప్‌లోంచి బిగిన్‌ని పిలుస్తాం.

ప్రతి క్లాస్‌కీ ఒక అప్‌డేట్ ఫంక్షన్ పెట్టండి. డిలే వాడితే ఒక ఆబ్జెక్ట్ ఆగినంతసేపు మిగతావన్నీ ఆగిపోతాయి, మోటారు నడుస్తుండగా ఎల్ఈడీ క్లాస్‌లో 2 సెకన్ల డిలే ఉంటే ట్యాంకు నిండినా ఆ 2 సెకన్లు ఎవరూ చూడరు. దానికి బదులు ప్రతి ఆబ్జెక్ట్ తను చివరిసారి ఎప్పుడు పనిచేసిందో గుర్తుపెట్టుకుని, లూప్ (ఆగకుండా తిరిగే ఫంక్షన్) పిలిచిన ప్రతిసారీ టైమ్ అయిందా అని చూసి, అవ్వకపోతే వెంటనే వెనక్కి రావాలి. టైమ్ పోల్చేటప్పుడు "ఇప్పటి టైమ్‌లోంచి పాత టైమ్ తీసేస్తే ఎంత" అనే పద్ధతిలోనే రాయండి, మిల్లీస్ కౌంటర్ (బోర్డు ఆన్ అయి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పేది) దాదాపు 49.7 రోజులకి మళ్ళీ సున్నాకి వస్తుంది, ఇలా రాస్తే ఆ రోజు కూడా ఏమీ కాదు.

లూప్‌లో న్యూ, డిలీట్ వద్దు. కావాల్సిన ఆబ్జెక్టులన్నీ మొదట్లోనే చేసి పెట్టుకోండి. యునోలో స్ట్రింగ్ క్లాస్‌తో పదాలు కలుపుతూ పోతే మెమరీ ముక్కలు ముక్కలై, ఖాళీ ఉన్నా దొరకని పరిస్థితి వస్తుంది.

ఇంటరప్ట్‌కి (పిన్ మారగానే నడుస్తున్న పని ఆపి ఒక ఫంక్షన్‌ని వెంటనే పిలిచే ఏర్పాటుకి) మెంబర్ ఫంక్షన్ నేరుగా ఇవ్వలేరు, దానికి ఏ ఆబ్జెక్టో తెలియదు కాబట్టి. ఈఎస్పీ32లో ఆర్గ్యుమెంట్ పంపే రకం ఉంది, ఆబ్జెక్ట్ అడ్రస్ దాంతో పంపండి. మిగతా చోట్ల స్టాటిక్ ఫంక్షన్ పెట్టి అందులో ఒక జెండా మాత్రం ఎత్తి, అసలు పని అప్‌డేట్‌లో చేయండి.

మన ట్యాంకుకి మూడు క్లాసులు చాలు: లెవెల్ సెన్సర్, పంప్, కంట్రోలర్. కంట్రోలర్ మొదటి రెండిటినీ రిఫరెన్సుగా తీసుకుని, 20 శాతం కంటే తగ్గితే పంప్ ఆన్, 90 దాటితే ఆఫ్ చేస్తుంది. ఒకే అంకె దగ్గర ఆన్, ఆఫ్ రెండూ పెడితే నీళ్ళు కాస్త కదిలినా మోటారు ఆన్ ఆఫ్ అవుతూ ఉంటుంది. పంప్ క్లాస్‌లోనే గరిష్ఠ టైమ్ పెట్టండి, సెన్సర్ తప్పు చెప్పినా ఆ టైమ్ దాటగానే పంప్ తనంతట తను ఆగిపోవాలి. ఇలా విడివిడిగా రాస్తే రేపు సెన్సర్ మార్చినా ఒక్క క్లాసే మారుతుంది, మోటారు లేకుండా నకిలీ పంప్ క్లాస్ పెట్టి టేబుల్ మీదే టెస్ట్ చేసుకోవచ్చు.

9. మామూలుగా వచ్చే సమస్యలు, చేయాల్సినవి

పోర్ట్ కనిపించట్లేదు: ముందు కేబుల్ మార్చండి. తర్వాత బోర్డు మీద యూఎస్‌బీ చిప్ ఏదో చూసి, సీహెచ్340 అయినా సీపీ2102 అయినా దాని డ్రైవర్ వేయండి. ఉబుంటు వాడేవాళ్ళు యూజర్‌ని డయల్‌అవుట్ గ్రూప్‌లో చేర్చి లాగౌట్ అయ్యి మళ్ళీ రండి.

ఈఎస్పీ32లో అప్‌లోడ్ దగ్గర చుక్కలు వస్తూ ఆగిపోతోంది: చుక్కలు మొదలవగానే బోర్డు మీద బూట్ బటన్ నొక్కి పట్టుకోండి, అప్‌లోడ్ మొదలయ్యాక వదలండి.

వైఫై ఆన్ అవగానే రీసెట్ అవుతోంది: పవర్ చాలట్లేదు. వైఫై పంపేటప్పుడు కొన్ని వందల మిల్లీఆంప్స్ ఒక్కసారి లాగుతుంది. మంచి అడాప్టర్, పొట్టి కేబుల్ వాడండి, రిలేకి పవర్ బోర్డు 3.3 వోల్టుల పిన్ నుంచి ఇవ్వకండి.

ఇంటి వైఫై పేరే కనిపించట్లేదు: పికో డబ్ల్యూ, ఈఎస్పీ32 అసలు రకం, ఎస్3, సీ3 అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. రౌటర్‌లో, ఫోన్ హాట్‌స్పాట్‌లో 2.4 ఆన్ చేయండి.

పవర్ రాగానే రిలే ఒకసారి కొట్టుకుంటోంది: చాలా రిలే మాడ్యూళ్ళు పిన్ కిందికి పోతే ఆన్ అవుతాయి. యునో లాంటి బోర్డుల్లో, బిగిన్‌లో ముందు పిన్‌ని హై చేసి, ఆ తర్వాతే అవుట్‌పుట్‌గా మార్చండి.

పైథాన్‌లో మెమరీ ఎర్రర్: ఖాళీ మెమరీ ఎంతుందో అప్పుడప్పుడు ప్రింట్ చేసి చూడండి. ప్రతిసారీ తగ్గుకుంటూ పోతుంటే ఏదో లిస్ట్ పెరుగుతూనే ఉందన్నమాట, దానికి పరిమితి పెట్టండి.

ట్యాంకు నిండే టైమ్‌కి రీడింగ్ పిచ్చిపిచ్చిగా వస్తోంది: నీళ్ళు సెన్సర్‌కి మరీ దగ్గరయ్యాయి. వాటర్‌ప్రూఫ్ రకాలు సుమారు 20 సెంటీమీటర్ల లోపు సరిగ్గా కొలవలేవు, సెన్సర్‌ని నిండు మట్టం కంటే అంత ఎత్తులో బిగించండి.

10. డబ్బాలో బిగించే ముందు

- ఒక రోజంతా మోటారు లేకుండా నడిపి, రీసెట్ అయిందేమో లాగ్‌లో చూడండి
- నడుస్తుండగా రౌటర్ ఆపండి, వైఫై లేకపోయినా ట్యాంకు పని ఆగకూడదు
- సెన్సర్ వైరు పీకి చూడండి, రీడింగ్ రాకపోతే పంప్ ఆఫ్‌లోనే ఉండాలి
- పవర్ తీసి పెట్టండి, కరెంటు పోయి వచ్చాక పంప్ దానంతటదే ఆన్ అయి ఉండకూడదు
- మోటారుని చిన్న రిలే మాడ్యూల్‌తో నేరుగా నడపొద్దు, రిలేతో కాంటాక్టర్‌ని (పెద్ద కరెంటు మోసే స్విచ్‌ని), కాంటాక్టర్‌తో మోటారుని నడపాలి, 230 వోల్టుల వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, మాన్యువల్ స్విచ్ అలాగే ఉంచమని చెప్పండి